గుర్రం మొహం మీది పుండు ఎవరి పని?

గుర్రం ఒంటి మీద ఈగ వాలితే తరిమేయడానికి దానికి రెండు ఉపాయాలున్నాయి. వెనకవైపు వాలితే తోకతో కొడుతుంది. భుజం మీదో డొక్క మీదో వాలితే అక్కడి చర్మాన్నే జలదరింపజేస్తుంది. చర్మం కింద పలచగా పరుచుకున్న కండరమొకటి సరిగ్గా ఈగ కూర్చున్న చోటే వణికి దాన్ని లేపేస్తుంది. మొహానికి మాత్రం ఈ రెండు సాయాలూ అందవు. తోక అంతదూరం రాదు, అంత బలంగా జలదరించే కండరం అక్కడ లేదు. తల ఊపడం, చెవులు విదల్చడం, రెప్పలు కొట్టుకోవడం, ముంగాలికి మొహం రుద్దుకోవడం, ఇంతే దాని చేతనయ్యేది. పైగా కంటి చుట్టూ, పెదాల మీద, ముక్కుపుటాల దగ్గర చర్మం పలచన, వెంట్రుక తక్కువ, చెమ్మ ఎక్కువ. ఇవి చాలనట్టు కళ్ళేలూ తలతాళ్ళూ కట్టి ఆ మొహాన్ని రోజంతా రాపిడికి గురిచేసేది మనమే. గుర్రానికొచ్చే చర్మవ్యాధుల్లో చాలా వాటి మొదటి గుర్తు మొహం మీదే కనిపించడంలో వింతేమీ లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు గుర్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కాకపోయినా తక్కువే. ఆటోలు రాకముందు పట్నాల్లో జట్కాలు తిరిగేవి. ఇప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో వరుణ్ణి మోసే గుర్రాలు, తీరంలో పిల్లల్ని ఎక్కించుకు తిప్పే గుర్రాలు కనిపిస్తాయి. ఆనుకుని ఉన్న అనంతగిరి, పాడేరు కొండల్లో రోడ్డు పడని గిరిజన గూడేలకు పొట్టి గుర్రమే లారీ. పసుపు, చింతపండు, రాగులు సంతకు దిగేదీ, ఉప్పూ బియ్యం కొండెక్కేదీ దాని వీపు మీదే.

గుర్రాలు తక్కువ కావడంతో ఒక చిక్కు వచ్చిపడింది. పల్లెలోని పశువైద్యశాలకు వందల ఆవులూ గేదెలూ వస్తేగానీ ఒక గుర్రం రాదు. అందువల్ల గుర్రానికి జబ్బు చేస్తే ఇంట్లో ఆవుకు వాడగా మిగిలిన మందే చేతికొస్తుంది. గుర్రం ఆవు కాదన్న సంగతి ఇక్కడే ముందుకొస్తుంది. పశువుల పిడుదులకు నీళ్ళలో కలిపి పూసే అమిట్రాజ్ అనే మందుంది. ఆవుకు ఫరవాలేదు. గుర్రానికి పూస్తే పేగుల కదలిక మందగించి, పెద్దపేగులో పేడ గట్టిపడి, ప్రాణం మీదికి రావచ్చు. మొహం మీద నాలుగు పిడుదులు పోగొట్టబోయి గుర్రాన్నే పోగొట్టుకోవడమన్నమాట.

కాబట్టి మందు సంగతి తరవాత. ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పుండు మొహంలో ఎక్కడ ఉంది? ఏ నెలలో మొదలైంది? తెల్ల వెంట్రుకల కింద ఉందా, నల్ల వెంట్రుకల కింద కూడా ఉందా? గుర్రం రుద్దుకుంటోందా లేదా? తలకు కట్టిన పట్టీ దారినే పోతోందా? ప్రయోగశాల అక్కర్లేకుండానే ఈ జవాబులు అనుమానితుల్లో సగం మందిని తప్పిస్తాయి.

చెవుల చుట్టూ, నుదుటి మీద, జూలు మొదట్లో వెంట్రుక ఊడి, గుర్రం గోడకో చెట్టుకో అదేపనిగా రుద్దుకుంటోందనుకోండి. సాయంత్రం పొద్దుగూకేవేళ, మళ్ళీ తెల్లవారుజామున ఆ దురద పెరుగుతోందంటే నుసుముల పని అనుకోవచ్చు. క్యూలికాయిడిస్ అనే ఈ జాతి పురుగు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి హాయిగా దూరిపోతుంది. పొలం గట్ల బురదలోనూ పేడ నానిన తేమలోనూ పెరుగుతుంది కాబట్టి వరి ప్రాంతంలో దీనికి కరువుండదు. అది పీల్చే రక్తం లెక్కలోకి రానంత తక్కువ. గుర్రాన్ని బాధపెట్టేది దాని లాలాజలం పడకపోవడం, అంటే అలర్జీ. దీనికి ఐస్‌లాండ్ గుర్రాలకన్నా మంచి ఉదాహరణ లేదు. ఆ దేశంలో ఈ దురద తెచ్చే నుసుములు లేవు, గుర్రాలకు ఈ దురదా లేదు. అక్కడ పుట్టి పెరిగిన గుర్రాలను ఐరోపా ఖండానికి ఎగుమతి చేస్తే, నుసుములు బాగా ఉన్న చోట్ల రెండు మూడేళ్ళలో సగం దాకా దురదతో ఒళ్ళు చీరుకుపోతాయి. ఆ విదేశాల్లోనే పుట్టిన అదే జాతి పిల్లలకు మాత్రం అంత తీవ్రంగా రాదు.

నుసుముకు ఒక బలహీనత ఉంది, అది గాలికి ఎగరలేదు. కొట్టంలో పైకప్పుకు ఒక ఫ్యాను బిగిస్తే ఖరీదైన లేపనాలకన్నా అదే నయం. పొద్దుగూకడానికి గంట ముందే గుర్రాన్ని లోపల కట్టేయడం, పక్కన నీరు నిలవకుండా చూడడం, సన్న కన్నాల తెర వేయడం మిగతా జాగ్రత్తలు. దురద మితిమీరితే డాక్టరు కొద్ది రోజులు స్టెరాయిడ్ ఇస్తారు. గుర్రానికి స్టెరాయిడ్ ఎక్కువైతే గిట్టల లోపల వాపు వచ్చి కుంటిదయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఆ మందు దుకాణంలో అడిగి తెచ్చుకునేది కాదు.

ఇక వానాకాలపు పుండు. కంటి లోపలి మూలలో, పెదాల చివర, లేదా మొహం మీది పాత గాయంలో ఎర్రగా గుమ్మడి పూవులా పొంగిన కండ లేస్తుంది. నలిపితే అందులో నూకల్లాంటి పసుప్పచ్చ గింజలు తగులుతాయి. చలికాలంలో తగ్గినట్టే తగ్గి, మళ్ళీ తొలకరికి తిరిగొస్తుంది. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన పశువైద్యులు పంతొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాదిన ‘బర్సాతీ’ అన్న పేరుతో రాసిపెట్టింది ఇలాంటి పుళ్ళ గురించే. దాని వెనకున్న ముఖ్యమైన దోషి హబ్రోనీమా అనే సన్నని పురుగు. పెద్ద పురుగులు గుర్రం కడుపులో కాపురముంటాయి. వాటి సంతానం పేడతో బయటికొస్తుంది. అదే పేడలో పెరిగే ఈగపిల్లలు వాటిని మింగుతాయి. ఈగ రెక్కలు కట్టుకుని ఎగిరేసరికి పురుగు పిల్ల దాని మూతి దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఈగ గుర్రం పెదవి మీద వాలితే పిల్ల లోపలికి జారి కడుపు చేరుతుంది, దాని బతుకు చక్రం పూర్తవుతుంది. కంటి మూలలోనో గాయం మీదో వాలితే పిల్ల దారి తప్పినట్టే. అక్కడ పెరగలేదు, బయటికి పోలేదు. ఆ చచ్చిన పిల్లల మీద గుర్రం శరీరం చేసే యుద్ధమే మనకు కనిపించే పొంగిన కండ.

ఇది తెలిశాక వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలో వేరే చెప్పక్కర్లేదు. పుండు మీద ఎంత పసుపు అద్దినా కడుపులో పురుగు అలాగే ఉంటుంది, పేడకుప్పలో ఈగ అలాగే పుడుతుంది. మన వేడికి ఈగ గుడ్డు ఈగయ్యేందుకు వారం, పది రోజులు చాలు. రోజూ పేడ ఎత్తి దూరంగా పోస్తే ఆ గొలుసు తెగుతుంది. కడుపులో పురుగుకు ఐవర్‌మెక్టిన్, కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన నోటిద్వారా ఇస్తారు. కొన్నిటికి రెండోసారి ఇవ్వాల్సి వస్తుంది. గాయాన్ని శుభ్రపరిచి, ఈగ వాలకుండా కప్పి ఉంచాలి. కంటి దగ్గరైతే ఈగలు ఆపే జాలి ముసుగు కడితే చాలా మేలు.

ఐవర్‌మెక్టిన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి దారిమళ్ళి ఒక సంగతి చెప్పుకుందాం. గుర్రం మెడలోని పెద్ద స్నాయువులో ఓంకోసెర్కా అనే మరో పురుగు ఉంటుంది. దాని పిల్లలు చర్మంలోకి చేరి నుదుటి మీద, కళ్ళ చుట్టూ వెంట్రుక ఊడిన, పొలుసులు లేచిన మచ్చలు తెస్తాయి. వాటిని మోసేదీ నుసుమే. 1970ల చివర్లో మెర్క్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఐవర్‌మెక్టిన్‌ను పరీక్షిస్తూ, గుర్రం చర్మంలోని ఈ పిల్లలు ఆ మందుకు చచ్చిపోవడం గమనించారు. ఇదే జాతికి చెందిన మరో పురుగు ఆఫ్రికాలో మనుషుల చర్మంలో చేరి, చివరికి కళ్ళు పోగొడుతుంది. గుర్రానికి పనిచేసింది మనిషికి ఎందుకు చేయదన్న ప్రశ్న అలా పుట్టింది. 1981లో మహమ్మద్ అజీజ్ అనే వైద్యుడు సెనెగల్‌లో తొలిసారి మనుషుల మీద దాన్ని పరీక్షించారు. 1987 నుంచి మెర్క్ ఆ మందును ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని కనుక్కున్నందుకు సతోషి ఒమురా, విలియం కాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. బోదకాలుకు పేరుబడ్డ మన ఉత్తరాంధ్ర వాళ్ళకు ఇది దూరపు కథ కాదు. దేశంలో కొన్ని జిల్లాల్లో ఫైలేరియా నిర్మూలనకు ఇచ్చే మూడు మందుల్లో ఐవర్‌మెక్టిన్ ఒకటి. ఇంతమంది మనుషులకు మేలుచేసిన ఆలోచనకు ఒక ఆనవాలు గుర్రం చర్మంలో దొరికిందంటే, ఆ చర్మాన్ని కాస్త శ్రద్ధగా చూడడం మన ధర్మం కూడా.

మళ్ళీ పుండు దగ్గరికి వద్దాం. ‘బర్సాతీ’ అన్న ఒక్క పేరు కింద పాత డాక్టర్లు రెండు వేరువేరు జబ్బుల్ని కలిపేశారని తరవాత తేలింది. రెండోదానికి కారణం పైథియం ఇన్సిడియోసమ్ అనే జీవి. 1884 నాటికే మన దేశంలోని బ్రిటిష్ పశువైద్యులు దీని పుళ్ళను వర్ణించారు గానీ దానికి ఈ పేరు పెట్టింది 1987లో. చూడ్డానికి బూజులా ఉంటుంది, బూజు కాదు. నిలవనీటిలో, కుళ్ళిన ఆకుల మీద బతుకుతూ, ఈదగల సూక్ష్మ బీజాలను వదులుతుంది. నీళ్ళలో మేసే గుర్రానికి చిన్న గీరుడు ఉంటే చాలు, ఆ బీజాలు అక్కడ అంటుకుంటాయి. ఎక్కువగా కాళ్ళకూ పొట్టకూ వస్తుంది. మడుగులో మూతి ముంచి తాగే గుర్రానికి పెదాల మీదా రావచ్చు. రోజురోజుకీ పెరిగే పుండు, లోపల పగడపు ముక్కల్లాంటి గట్టి రాళ్ళు, విపరీతమైన దురద దీని గుర్తులు. మామూలు బూజుమందులు దీని మీద సరిగా పనిచేయవు, ఎందుకంటే అవి దెబ్బతీసే పదార్థం దీని పొరలో దాదాపు ఉండదు. త్వరగా కోసి తీసేయడమే దారి. ‘కొన్నాళ్ళు చూద్దాం’ అనకూడని పుండు ఏదైనా ఉంటే అది ఇదే.

తలకట్టు కింద పుట్టేవి వేరే కుటుంబం. నైలాన్ తాడు నేరుగా మొహానికి కడితే ఆ తాడు దారినే వెంట్రుక పోయి, రెండు బుగ్గల మీదా ఒకే రకంగా చారలు పడతాయి. అది రాపిడి. తాడు మార్చి మెత్తని పట్టీ కడితే పోతుంది. అదే చోట గుండ్రంగా, అంచులు తేలి, పొలుసులు రాలే మచ్చలు లేస్తే అది తామర. మన ఊళ్ళో పిల్లల తలకొచ్చే తామరకు దగ్గరి బంధువే ట్రైకోఫైటన్ ఈక్వైనమ్. అంటుకున్నాక వారం నుంచి నాలుగు వారాల్లోపు బయటపడుతుంది. దాని బీజాలు తోలు పట్టీల మీద ఏడాది దాటినా బతికుంటాయి. పెళ్ళిళ్ళ కాలంలో నుదుటి మీద పూసలూ అద్దాలూ కుట్టిన ఒకే అలంకారాన్ని ఇవాళ ఒక గుర్రానికీ, రేపు మరో గుర్రానికీ కడుతుంటారు. మాఘమాసపు ముహూర్తాలు అయ్యేసరికి ఒక గుర్రపు తామర నాలుగిటికి పాకేది ఆ దారినే. తామర తనంతట తానే ఒకటి నుంచి మూడు నెలల్లో తగ్గిపోతుంది. అందుకే ఎవరి మందుకైనా పేరొస్తుంది! మందు వేయడం గుర్రం కోసం ఎంతో, పక్క గుర్రం కోసమూ, కడిగే మనిషి చర్మం కోసమూ అంతే. మనుషులకు అంటుతుంది కాబట్టి చేతికి తొడుగు వేసుకుని మైకోనజోల్ లాంటి మందు పూయాలి. పట్టీలను బూజుమందు నీళ్ళలో నానబెట్టి ఎండలో ఆరేయాలి. ఇక్కడొక పొరపాటు తరచూ జరుగుతుంది. ‘దురదకు మంచిది’ అని మెడికల్ షాపులో ఇచ్చే కలగాపులగం క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. అది తామర ఎరుపును రెండు రోజులు దాచి, తామరకు మాత్రం మేత వేస్తుంది.

తామరలా కనిపిస్తూనే తామర కానిది ఇంకొకటుంది. వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా లేచి, పెచ్చుతో సహా కుంచెలా ఊడి వస్తాయి. కింద చీము తడి. దురద అంతగా ఉండదు, ముట్టుకుంటే నొప్పి. 1915లో బెల్జియన్ కాంగోలో వాన్ సాసెగెమ్ మొదట వర్ణించిన డెర్మటోఫిలస్ కాంగోలెన్సిస్ దీనికి కారణం. ఇది బాక్టీరియా. పైన చెప్పిన బూజుమందులు దీన్ని ఏమీ చేయవు. తడి, చిన్న గీత, రెండూ కలిస్తేనే ఇది చర్మంలోకి దిగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఇలాంటి తుపానుల తరవాత పశువులు రోజుల తరబడి తడిసి ముద్దయి నిలబడే మన ప్రాంతంలో దీన్ని గుర్తుపెట్టుకోవాలి. వైద్యం సులువు, ఓపిక కావాలి. ఆరిన చోట కట్టడం, పెచ్చులను తడిపి మెత్తబరిచి తీయడం, క్లోర్‌హెక్సిడిన్ లేదా పోవిడోన్ అయోడిన్‌తో కడిగి పొడిగా తుడవడం. ఊడిన పెచ్చుల్లో బాక్టీరియా నెలల తరబడి ఉంటుంది కనుక వాటిని కిందపడేయకుండా కాల్చేయాలి. తీవ్రమైతే పెన్సిలిన్ పనిచేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ కంట్లో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతింటుంది. కంటి దగ్గర లీటరు కాచి చల్లార్చిన నీటికి తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళే చాలు.

అరసవల్లి సూర్యనారాయణమూర్తి రథానికి ఏడు గుర్రాలు. సూర్యుడికి అంత దగ్గరి చుట్టమైన ఈ జంతువుకే ఎండ పడకపోవడం ఒక విడ్డూరం. నుదుటి మీద తెల్ల బొల్లి, గులాబి రంగు మూతి ఉన్న గుర్రం ముక్కు ఎర్రబడి, ఉబ్బి, చెక్కులు కట్టిందనుకోండి. మచ్చ సరిగ్గా తెల్ల వెంట్రుక అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, పక్కన నల్ల చర్మం నిక్షేపంగా ఉంటే, అది ఈగా కాదు, బూజూ కాదు. రంగు లేని చర్మానికి ఎండ తగిలింది. ఒట్టి ఎండదెబ్బైతే నీడన కట్టి, జింక్ ఆక్సైడ్ పూస్తే తగ్గుతుంది.

తగ్గకపోతే, నీడలో ఉంచినా చర్మం ఊడివస్తుంటే, జబ్బు మొహంలో లేదు, కాలేయంలో ఉంది. గుర్రం మేసిన పచ్చగడ్డిలోని పత్రహరితాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు ఫిల్లోఎరిత్రిన్ అనే పదార్థంగా మారుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కాలేయం దాన్ని పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. కాలేయం చెడితే అది రక్తంలో నిలిచి చర్మానికి చేరుతుంది. అక్కడ వెలుతురు తగలగానే చుట్టూ ఉన్న కణాలను కాల్చేస్తుంది. నల్ల చర్మంలోని మెలనిన్ వెలుతురును అడ్డుకుంటుంది గనక అది బతికిపోతుంది. కాలేయాన్ని చెడగొట్టినదేమిటన్నది ఇక వెతకాలి. మన కొండల నిండా అల్లుకున్న లాంటానా కంప పశువుల్లో, మేకల్లో ఇదే పని చేస్తుందని పల్లెల్లో పశువైద్యులందరికీ తెలుసు. గుర్రం విషయంలో ఎక్కువ అనుమానించాల్సింది జనుము జాతి మొక్కలను. వీటి గింజల్లోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయాన్నీ, కొన్ని జాతులైతే ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తాయి. మేకా గొర్రే తట్టుకునే మోతాదుకు గుర్రం పడిపోతుంది. పచ్చిరొట్టకు జనుము చల్లిన చేలో గింజ పట్టాక గుర్రాన్ని వదలకూడదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క దాణాలో కలిస్తే అందులోని అఫ్లటాక్సిన్ కూడా కాలేయాన్నే పట్టుకుంటుంది. రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములు చూస్తే సంగతి బయటపడుతుంది. మూతికి రాసే ఏ లేపనమూ ఇక్కడ అక్కరకు రాదు.

చిన్న వయసు గుర్రాల మూతి మీద గుంపుగా లేచే పులిపిర్లను చూసి బెంగపడనక్కర్లేదు. అవి వైరస్ వల్ల వచ్చి రెండు మూడు నెలల్లో వాటంతటవే పోతాయి. కంటి దగ్గరో చెవి దగ్గరో ఒంటరిగా లేచే మొండి కాయ మాత్రం సార్కాయిడ్ కావచ్చు. గుర్రాల చర్మపు గడ్డల్లో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. దీనికి కారణం ఆవుల పులిపిరి వైరస్ కావడం మరో విచిత్రం. దారం కట్టినా, సున్నం పెట్టినా, సగం కోసినా రెట్టింపై తిరిగొస్తుంది. దాన్ని కెలకకపోవడమే సగం వైద్యం.

ఒక్క పుండు విషయంలో మాత్రం వైద్యం ఆలోచన కూడా వద్దు. ముక్కుపుటం లోపల గడ్డలు లేచి పగలడం, ముక్కునుంచి జిగురుగా చిక్కని చీము కారడం, మానిన చోట నక్షత్రంలా మచ్చ పడడం గ్లాండర్స్ లక్షణాలు. బర్కోల్డేరియా మల్లై అనే బాక్టీరియా వల్ల వచ్చే ఈ జబ్బు మనిషికి అంటితే ప్రాణాంతకం. దీనికోసం 1899లోనే మన దేశంలో ప్రత్యేక చట్టం ఉండేది. ఇప్పుడు 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం దాని స్థానంలో ఉంది. అనుమానం వస్తే చెప్పడం యజమాని బాధ్యత. రక్తాన్ని హర్యానాలోని హిసార్‌లో 1985లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపి నిర్ధారిస్తారు. గుర్రాన్ని విడిగా కట్టాలి, దాని తొట్టి నీళ్ళు మరో గుర్రం తాగకూడదు, ముక్కును ఒట్టి చేత్తో తుడవకూడదు.

మిగతా పుళ్ళన్నిటికీ దగ్గర్లోని పశువైద్యశాలే చాలు. కదల్చలేని గుర్రానికి సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరు ఉంది. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉండడం ఈ రెండు జిల్లాలకు కలిసొచ్చిన విషయం. డాక్టరు వచ్చేలోపు చేయకూడనివి రెండు. ఒకటి, పుండు మీద ఏదీ పూయకూడదు. కానుగ నూనె, వేపనూనె, జెన్షియన్ వయొలెట్, కొందరు పూసే వాడేసిన ఇంజిన్ ఆయిల్, ఏదైనా సరే. పూసిన చోట గీకి తీసిన పొడి సూక్ష్మదర్శిని కింద ఏమీ చెప్పదు. ఇంజిన్ ఆయిల్ అయితే గుర్రానికి విషం కూడా. రెండు, కన్ను మూసుకుని నీరు కారుతుంటే ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయకూడదు. నల్లగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ చుక్క పడితే కన్ను కరిగిపోయే ప్రమాదం ఉంది.

పుండు అంచు నుంచి పీకిన వెంట్రుకలూ, రెండు మూడు పెచ్చులూ మాత్రం తీసి ఉంచవచ్చు. వాటిని పాలిథిన్ సంచిలో కాకుండా కాగితపు కవరులో పెట్టాలి. పాలిథిన్‌లో చెమ్మ ఊరి వేరే బూజులు పెరుగుతాయి, ప్రయోగశాలలో చూసేసరికి అసలు దోషి వాటి కింద కనపడకుండా పోతుంది.